ఒపినెల్ నంబర్ 8 మడత చాకు: మూడు వానాకాలాలు వాడాక, విప్పి బాగుచేశాక నా రివ్యూ

జులైలో ఒక సాయంత్రం జామకాయ కోసుకుందామని చాకు తీశా, తెరుచుకోలేదు. బ్లేడు మీద గోరు పెట్టి లాగడానికి చిన్న గాడి ఉంటుంది కదా, అక్కడ పట్టి గట్టిగా లాగితే నా గోరు విరిగింది గానీ బ్లేడు ఇసుమంత కూడా కదల్లేదు. అంతకు ముందురోజు నేనే కడిగి తుడిచి మడిచి పెట్టా, అప్పటికి నాలుగు రోజులుగా కాకినాడలో వాన ఆగకుండా కురుస్తోంది. తుప్పు పట్టి పట్టేసిందేమో అనుకుని పట్టకారుతో బ్లేడు వీపు పట్టుకుని లాగా. వచ్చింది, కానీ బ్లేడుకి రెండు పక్కలా పట్టకారు పళ్ళ గీతలు పడ్డాయి, అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ గీతలు చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఈ చాకు జాయింట్ ఎలా పనిచేస్తుందో అప్పుడు నాకు తెలిసుంటే అసలు పట్టకారు ముట్టుకునేదాన్నే కాదు. ఈ రివ్యూ రాస్తోంది కూడా అందుకే. మన కోస్తా జిల్లాల్లో ఎవరైనా ఈ చాకు కొంటే మొదటి వానాకాలంలోనే ఇదే జరుగుతుంది, అప్పుడు మీరు పట్టకారు తియ్యకూడదు.

చాకు పేరు ఒపినెల్, ఫ్రాన్స్‌ది. నేను గ్రెనోబుల్‌లో చదువుకున్న రెండేళ్ళలో అక్కడ ఇది లేని ఇల్లు చూళ్ళేదు. ఇనప సామాన్ల కొట్లో ఉంటుంది, పొగాకు కొట్లో కూడా ఉంటుంది. మా ల్యాబ్‌లో పనిచేసే టెక్నీషియన్ ఒకాయన మధ్యాహ్నం జేబులోంచి ఇది తీసి బ్రెడ్డు, చీజు, యాపిల్ అన్నీ దీంతోనే కోసుకుని, ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ జేబులో వేసుకునేవారు. నేను కొన్నది నంబర్ 8, కార్బన్ స్టీల్ బ్లేడు, బీచ్ చెక్క పిడి, అప్పట్లో పన్నెండు యూరోల లోపే పడింది. బ్లేడు 8.5 సెంటీమీటర్లు, మడిస్తే మన అరచేతిలో పట్టేస్తుంది, బరువు యాభై గ్రాముల లోపే కాబట్టి జేబులో ఉన్నట్టే తెలీదు.

దీని చరిత్ర క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే జాయింట్ సంగతి అర్థమవ్వాలంటే అది కాస్త కావాలి. ఆల్ప్స్ కొండల్లో సవ్వా అనే ప్రాంతం, అక్కడ సాన్ జాన్ ద మోరియెన్ అనే ఊరి దగ్గర గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసే కుటుంబంలో జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు 1890లో ఈ చాకు తయారుచేశాడు, అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. 1897లో 1 నుంచి 12 దాకా సైజులు పెట్టాడు, ఇప్పటికీ ఆ నంబర్లతోనే అమ్ముతారు. బ్లేడు మీద కిరీటం పెట్టుకున్న చెయ్యి గుర్తు ఉంటుంది, అది 1909 నుంచి ఉన్న ట్రేడ్ మార్కు. ఆ చెయ్యి ఏంటంటే, ఆ ఊరి చర్చిలో బాప్టిస్ట్ యోహాను వేళ్ళు ఉన్నాయని నమ్మకం, ఆ వేళ్ళే ఊరి చిహ్నం. కిరీటం సవ్వా సంస్థానానిది. శాంబెరీ నుంచి మొదాన్ వైపు వెళ్ళే రైల్లో వెళ్తే ఆ ఊళ్ళో దిగొచ్చు, అక్కడ ఈ చాకు మ్యూజియం కూడా ఉంది. కొండ ఊళ్ళ రైతుల కోసం, చవగ్గా దొరకాలని, తక్కువ భాగాలతో చేసిన వస్తువు ఇది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం, జాయింట్. ఈ రోజుల్లో దొరికే మంచి మడత చాకుల్లో చాలావాటికి బ్లేడు మొదట్లో ఒక స్క్రూ ఉంటుంది, చిన్న నక్షత్రం ఆకారం బిట్‌తో తిప్పితే బిగుస్తుంది, వదులవుతుంది. బ్లేడుకి అటూ ఇటూ కంచు వాషర్లో, బాల్ బేరింగులో ఉంటాయి. అంటే బ్లేడు ఎక్కడా పిడిని నేరుగా తాకదు. ఒపినెల్‌లో ఇవేమీ లేవు. పిడి మొత్తం ఒకటే చెక్క ముక్క, దానికి రంపంతో నిలువునా ఒక చీలిక కోస్తారు, పైభాగానికి ఒక ఉక్కు పొన్ను తొడుగుతారు, ఆ పొన్నులోంచి, చెక్కలోంచి, బ్లేడులోంచి ఒకటే రివెట్ దూర్చి రెండు చివర్లూ కొట్టి పరుస్తారు. అంతే. బ్లేడు ఆ చెక్క చీలిక గోడల మధ్యనే రాసుకుంటూ తిరుగుతుంది. వాషరూ చెక్కే, బేరింగూ చెక్కే.

మన ఇళ్ళల్లో దీనికి దగ్గరగా ఉన్న వస్తువు అడకత్తెర. దానికీ ఒకటే సీల, కొట్టి పరిచిందే, స్క్రూ ఉండదు. మా నాన్న అడకత్తెర వదులైతే సీల మీద సుత్తితో రెండు దెబ్బలు వేసేవారు, బిగుసుకుంటే ఒక చుక్క నూనె. కానీ అడకత్తెరలో లోహం మీద లోహం తిరుగుతుంది కాబట్టి ఎండైనా వానైనా ఒకటే. ఇక్కడ లోహం తిరిగేది చెక్క మధ్యలో, చెక్కేమో తడి తాగుతుంది, ఉబ్బుతుంది, ఎండితే మళ్ళీ సన్నబడుతుంది. వానాకాలంలో మన తలుపులు ద్వారబంధానికి పట్టేసి భుజంతో తోస్తే గానీ రాకపోవడం చూస్తాం కదా, సరిగ్గా అదే సంగతి ఈ చిన్న చీలికలో జరుగుతుంది. చెక్క పొడవు వైపు పెద్దగా పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుంది, ఆ అడ్డం వైపే ఇక్కడ బ్లేడుని నొక్కుతుంది. పైగా బీచ్ చెక్క గట్టిదే, నునుపుదే, కానీ తడికి బాగా కదిలే జాతి. టేకు అయితే ఇంతలా ఉబ్బదు, అందుకే మనవాళ్ళు తలుపులకి టేకు అంటారు.

ఇది ఆల్ప్స్‌లో వాళ్ళకీ తెలిసిన విషయమే. మా టెక్నీషియన్ గారి చాకు వానలో తడిసి పట్టేస్తే ఆయన మడిచిన చాకుని పట్టుకుని, పిడి చివరి భాగాన్ని టేబులు అంచుకేసి టక్కున కొట్టేవారు, బ్లేడు కొన కాస్త బయటికి లేచేది, దాన్ని పట్టుకుని తెరిచేవారు. దానికి అక్కడ ఒక పేరు కూడా ఉంది, సవ్వా వాడి దెబ్బ అని. నేను అప్పుడు చూసి ఊరుకున్నా, కాకినాడ వచ్చాక పట్టకారు పట్టుకున్నప్పుడు అది గుర్తు రాలేదు. మీకు పట్టేస్తే ముందు ఇది చెయ్యండి: కాలర్ లాక్ తీసి ఉందో లేదో చూసుకుని, పదును ఎటు తెరుచుకుంటుందో అటు వేళ్ళు లేకుండా పట్టుకుని, కొయ్య మీద కొట్టండి, రాయి మీద వద్దు.

కాలర్ అన్నా కదా, దాని గురించి. 1890 నుంచి చాలా ఏళ్ళు ఈ చాకుకి లాకే లేదు, చెక్క బిగువే లాకు. 1955లో జోసెఫ్ కొడుకు మార్సెల్ ఒపినెల్ ఒక తిరిగే ఉక్కు రింగు పెట్టాడు, దాన్ని విరోబ్లాక్ అంటారు. పొన్ను మీద ఇది కూర్చుంటుంది, ఒక పక్క సందు ఉంటుంది. సందు చీలికకి ఎదురుగా ఉంటే బ్లేడు తిరుగుతుంది, రింగు కాస్త తిప్పితే సందు పక్కకి పోయి బ్లేడుకి అడ్డం పడుతుంది. 2000 నుంచి మడిచినప్పుడు కూడా లాక్ అయ్యేలా మార్చారు, అంటే జేబులో తెరుచుకోదు. నంబర్ 6 నుంచి పై సైజులకే ఈ రింగు ఉంటుంది, చిన్నవాటికి ఉండదు. ఈ రింగుతో కలిపి లెక్కేస్తే చాకు మొత్తం ఐదు భాగాలు: బ్లేడు, పిడి, రివెట్, పొన్ను, రింగు. ఐదే.

ఈ రింగు ఒక్కటే మనం ఇంట్లో విప్పదగ్గ భాగం. రివెట్ జోలికి వెళ్ళొద్దని నా గట్టి మాట. దాన్ని బయటికి కొట్టేసి, మళ్ళీ కొత్తది వేసి పరవడం చేతకాని పని కాదు గానీ, పొన్ను పలచన, దాని కింద చెక్క, ఒక దెబ్బ ఎక్కువైతే చెక్క చీలుతుంది, తక్కువైతే బ్లేడు ఊగుతుంది. రింగు తీస్తే పొన్ను చుట్టూ ఉన్న మురికంతా బయటపడుతుంది, చీలిక నోరు శుభ్రంగా కనపడుతుంది, రోజువారీ మెయింటెనెన్స్‌కి అది చాలు.

రింగు తియ్యడానికి కావాల్సింది సర్క్లిప్ ప్లేయర్, అంటే ఇలా గాడిలో కూర్చునే రింగుల్ని విప్పే సన్న ముక్కుల పట్టకారు. బైక్ మెకానిక్ షెడ్డుల్లో ఉంటుంది, హార్డ్‌వేర్ షాపులోనూ దొరుకుతుంది. షాపులో అడిగితే "ఇన్నరా, ఔటరా అమ్మా?" అని అడిగారు, నాకు తెలీక ఫోన్లో రింగు ఫొటో చూపించా. కావాల్సింది ఔటర్. ఔటర్ అంటే ప్లేయర్ పిడి నొక్కితే ముక్కులు విచ్చుకుంటాయి, ఇన్నర్ అయితే దగ్గరవుతాయి, మనకి రింగు విచ్చుకోవాలి. ముక్కు సన్నగా, తిన్నగా ఉన్నది తీసుకోండి. మొదటిసారి నేను ప్లేయర్ లేకుండా రెండు చిన్న స్క్రూడ్రైవర్లతో ప్రయత్నించా, రింగు ఎగిరి బీరువా కిందికి పోయింది, అదృష్టం బాగుండి కంటికి తగల్లేదు. స్క్రూడ్రైవర్లతో అసలు చెయ్యొద్దు, ప్లేయర్‌తో చేసినా కళ్ళద్దాలు పెట్టుకోండి.

చేసే పద్ధతి చెప్తా. ముందు రింగు ఎటు పైకి ఉందో ఒక ఫొటో తీసుకోండి, ఎందుకంటే అది కాస్త కోనుగా ఉంటుంది, తిరగేసి పెడితే కూర్చోదు. బ్లేడు పూర్తిగా తెరిచి, పదును మీద మాస్కింగ్ టేపు ఒక వరస అంటించండి. రింగు తిప్పి సందుని చీలికకి ఎదురుగా తీసుకురండి. ప్లేయర్ ముక్కులు సందు రెండు అంచుల్లో ఆనించి మెల్లగా నొక్కితే రింగు గాడిలోంచి లేస్తుంది, ఆ క్షణంలో బొటనవేలితో దాన్ని బ్లేడు వైపుకి తొయ్యండి, సందు పదును వైపే ఉంటుంది కాబట్టి బ్లేడు మీంచి జారి వచ్చేస్తుంది. ఎంత అవసరమో అంతే విప్పాలి, ఎక్కువ విప్పితే రింగు వెడల్పై తర్వాత పట్టు ఉండదు. రింగు లేనప్పుడు ఈ చాకుకి లాక్ లేనట్టే, ఆ సంగతి పని అయిపోయే దాకా గుర్తుంచుకోండి, నేను ఒకసారి మరిచిపోయి లోపల బ్రష్ తోసేటప్పుడు బ్లేడు వేళ్ళ మీదికి మడుచుకుంది, టేపు ఉంది కాబట్టి సరిపోయింది.

రింగు తియ్యగానే నాకు కనపడింది ఏంటంటే, పొన్ను చుట్టూ నల్లటి జిగురు ఒక వరస గట్టిపడి ఉంది. వాసన చూస్తే మామిడి. ఆ వేసవంతా సువర్ణరేఖలు, పెద్ద రసాలు దీంతోనే కోశా, కోసినప్పుడల్లా రసం బ్లేడు మీంచి జారి చీలికలోకి పోయింది, పచ్చివి కోసినప్పుడు సొన కూడా. కడిగితే పైపైన పోయింది గానీ లోపల పేరుకుంది, పేరుకున్నది వానాకాలంలో తేమ పీల్చి చెక్కని ఎప్పుడూ తడిగా ఉంచింది. అంటే ఉబ్బడానికి వాన ఒక్కటే కారణం కాదు, నేను కుళాయి కింద పెట్టి కడగడం, ఈ పంచదార పేరుకోవడం కూడా. పాత టూత్ బ్రష్, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో పొన్ను తుడిచా, చీలికలోకి పాత నూలు చీర అంచు సన్నగా చింపి, స్పిరిట్‌లో తడిపి, అటూ ఇటూ లాగితే గోధుమ రంగులో మురికి వచ్చింది, నాలుగు పేలికలు మార్చాక శుభ్రంగా వచ్చింది. నీళ్ళు వాడలేదు.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశా. శుభ్రం చేశాక కూడా బ్లేడు బిగుతుగానే ఉంది, అప్పటికింకా జులైయే. ప్లాస్టిక్ కార్డుకి ఉప్పుకాగితం చుట్టి చీలిక గోడల్ని రుద్దేశా, హాయిగా తిరిగే దాకా. తిరిగింది. ఆ వానాకాలమంతా బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత మే నెల వచ్చింది, చెక్క బాగా ఎండింది, బ్లేడు అటూ ఇటూ ఊగడం మొదలైంది, చాకు తలకిందులుగా పట్టుకుంటే రింగు లాక్ లేకుండా బ్లేడు దానంతటదే బయటికి వేలాడేది. రుద్దిన చెక్క తిరిగి రాదు కదా.

అప్పుడు మా వీధి చివర వడ్రంగి మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన చాకు తెరిచి, మూసి, చీలికలోకి ఒక కన్ను మూసి చూసి అన్నారు, "వానల్లో రుద్దేవా అమ్మా?" అవునండి అన్నా. "తలుపు కూడా వానల్లో చిత్రిక పట్టకూడదమ్మా, ఎండాకాలంలో సందు వచ్చేస్తాది. ఎండలో ఎంతుందో అదే దాని సైజు, వానలో ఉన్నది నీళ్ళ సైజు." నాకు ఆ ఒక్క మాటతో ఈ చాకు మొత్తం అర్థమైంది. ఉప్పుకాగితం ముందు కాదు, చివర. ముందు ఆరబెట్టాలి, తర్వాత తడి తాగకుండా నూనె, మైనం పట్టించాలి, అప్పటికీ పొడి రోజుల్లో కూడా బిగుతుగా ఉంటే అప్పుడు కాస్తంత రుద్దాలి.

నా వదులైన చాకుకి కూడా ఆయనే ఒక దారి చూపించారు. రివెట్ రెండో చివర ఇనప దిమ్మ మీద ఆనించి, చిన్న గుండు సుత్తితో మెల్లగా మూడు దెబ్బలు, ఒక్కో దెబ్బకీ బ్లేడు తిప్పి చూస్తూ. అడకత్తెరకి చేసినట్టే. ఊపు చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు, చెక్క పలచబడింది కాబట్టి ఇంక పోదు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి రివెట్ మీద దెబ్బ వెయ్యనిచ్చా, నాకు నేనైతే చెయ్యను.

ఆరబెట్టడం ఎలా అంటే, ఎండలో పెట్టొద్దు, ఒక్కసారిగా ఎండితే చెక్క పగులుతుంది. రెండో వానాకాలంలో మళ్ళీ బిగుసుకున్నప్పుడు, ఫ్రిజ్ పైన వెనక వైపు కాస్త వెచ్చగా ఉంటుంది కదా, అక్కడ బ్లేడు సగం తెరిచి వారం ఉంచా. సిలికా జెల్ పొట్లాలు ఉంటే ఒక మూత డబ్బాలో వాటితో పాటు పెట్టినా అవుతుంది, చెప్పుల డబ్బాల్లో వస్తాయి కదా, అవి. వారం తర్వాత బిగువు సగానికి సగం తగ్గింది, ఏ ఉప్పుకాగితమూ లేకుండా.

తర్వాత నూనె. ఇక్కడ చాలామంది కొబ్బరి నూనె అంటారు, నేను మొదట అదే రాశా, చలికాలం తెల్లారేసరికి చీలికలో పేరుకుని గట్టిపడింది, కొన్నాళ్ళకి వాసన కూడా వచ్చింది, మానేశా. కుట్టుమిషన్ నూనె జాయింట్‌కి బాగానే ఉంటుంది గానీ పళ్ళు కోసే చాకుకి నాకు మనసొప్పలేదు. చివరికి రెండు వాడుతున్నా. బ్లేడుకి, రివెట్ దగ్గర మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక్క చుక్క, ఇది చెడిపోదు, వాసన లేదు. చెక్కకి అవిసె నూనె, తినే రకానిది, ఎందుకంటే అది గాలికి ఆరి చెక్కలోనే గట్టిపడుతుంది, మిగతా నూనెల్లా జిడ్డుగా ఉండిపోదు. కానీ ఆరడానికి రోజులు పడుతుంది, పలచగా రాసి, అరగంట ఆగి, మిగిలింది శుభ్రంగా తుడిచెయ్యాలి, ఇలా వారానికోసారి మూడు నాలుగు సార్లు. పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ త్వరగా ఆరుతుంది గానీ అందులో త్వరగా ఆరడానికి వేరే మందులు కలుపుతారు, తిండి చాకుకి వద్దు. ఒక ముఖ్యమైన జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యొద్దు, ఆరేటప్పుడు వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది, విడివిడిగా పరిచి బయట ఆరేసి, నీళ్ళల్లో తడిపి అప్పుడు పారెయ్యండి. మా ఇంట్లో అమ్మ మొదట ఇది నమ్మలేదు, నిజం.

నూనె ఆరాక మైనం. తేనెమైనం చిన్న ముక్క, దానికి మూడింతలు లిక్విడ్ పారాఫిన్, గిన్నెలో వేడినీళ్ళ మీద పెట్టి కరిగించి, హెయిర్ డ్రయ్యర్‌తో పిడి వెచ్చబెట్టి, సన్న బ్రష్‌తో చీలిక లోపలికి, ముఖ్యంగా రివెట్ దగ్గర గోడలకి పట్టించా. చల్లారాక బ్లేడు ఇరవై సార్లు తెరిచి మూస్తే అదనపు మైనం బయటికి వస్తుంది, తుడిచెయ్యాలి. మొత్తం పిడిని వేడి నూనెలో ముంచేవాళ్ళు కూడా ఉన్నారు, నాకు ధైర్యం చాల్లేదు. మైనం పట్టించిన తర్వాతి వానాకాలం, అంటే మూడోది, చాకు పట్టెయ్యలేదు. బిగుసుకుంది, అది వేరు, గోటితో గట్టిగా లాగితే వచ్చింది.

రింగు తిరిగి పెట్టడం తీసినంత కష్టం కాదు. ఫొటో చూసుకుని, అదే వైపుగా, ప్లేయర్‌తో విప్పి, జార్చి, గాడిలో వదిలితే టిక్కుమని కూర్చుంటుంది. తిప్పి చూడండి, లాక్ పెట్టి బ్లేడు వీపుని టేబులు మీద మెల్లగా నొక్కి చూడండి, కదలకూడదు. వదులుగా అనిపిస్తే రింగు మళ్ళీ తీసి చేత్తో రెండు పక్కలా కాస్త నొక్కి పెట్టండి. బిగుతుగా ఉంటే లోపల ఒక చుక్క పారాఫిన్.

బ్లేడు గురించి త్వరగా చెప్పేస్తా. రెండు రకాలు, కార్బన్, ఇనాక్స్ (అంటే స్టెయిన్‌లెస్), బ్లేడు మీదే రాసి ఉంటుంది. కార్బన్‌ది ఎక్స్‌సీ90 అనే ఉక్కు, పేరులో ఉన్నట్టే సుమారు 0.9 శాతం కార్బన్. సానరాయి మీద ఐదు నిమిషాల్లో గడ్డం గీసే పదును వస్తుంది, ఆ సుఖం ఇంకే చాకులోనూ నేను చూళ్ళేదు. ఇరవై డిగ్రీల వాలులో నూరితే చాలు. వీధిలో సైకిల్ మీద సాన పట్టేవాళ్ళకి ఇవ్వొద్దు, తిరిగే చక్రం వేడికి సన్న బ్లేడు గట్టిదనం పోతుంది. పులుపు తగిలితే నల్లబడుతుంది, మొదటి పచ్చి మామిడికాయ కోసిన పది నిమిషాల్లో నాది ఊదా, నీలం రంగుల్లోకి మారింది, మొదట్లో ముక్కలకి కాస్త ఇనప రుచి కూడా వచ్చింది. ఆ నలుపు తుప్పు కాదు, గోకొద్దు, అదే తర్వాత బ్లేడుని కాపాడుతుంది, పూర్తిగా పట్టాక ఇనప రుచి కూడా రాదు. ఎర్రగా పొడి రాలితే అది తుప్పు, వంటసోడా ముద్దతో రుద్దితే పోతుంది. మా ఇల్లు సముద్రానికి మూడు కిలోమీటర్లు, ఉప్పుగాలికి రెండు రోజులు తుడవకుండా వదిలేస్తే చుక్కలు వస్తాయి.

అందుకని కోస్తా వాళ్ళకి నా సలహా ఇనాక్స్ తీసుకోండి, అది 12సీ27 అనే స్టెయిన్‌లెస్ ఉక్కు, పదును ఒక పిసరు తక్కువ కానీ తుప్పు బెంగ లేదు. హైదరాబాద్, అనంతపురం లాంటి పొడి ఊళ్ళవాళ్ళు కార్బన్ ధైర్యంగా తీసుకోవచ్చు. ఏ బ్లేడు తీసుకున్నా చెక్క చెక్కే, జాయింట్ సంగతి ఇద్దరికీ ఒకటే. ఈ చాకుతో మెలిపెట్టడం, డబ్బా మూతలు లేపడం లాంటివి చెయ్యకూడదు, రివెట్ కింద ఉన్నది చెక్క. ఒంటిచేత్తో తెరిచే చాకు కావాలంటే ఇది కాదు. డిష్‌వాషర్‌లో ఎప్పుడూ వెయ్యొద్దు. పిల్లలకి మొన గుండ్రంగా ఉండే నంబర్ 7 వస్తుంది. విమానంలో అయితే చెక్-ఇన్ బ్యాగులోనే, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో తీసేసుకుంటారు.

నేను చూసినప్పుడు ఇక్కడ ఆన్‌లైన్లో రేటు ఫ్రాన్స్‌లో పడేదానికి రెట్టింపు పైనే ఉంది, దిగుమతి కాబట్టి. పోయిన ఏడాది నాన్న కోసం ఒకటి ఇనాక్స్ తెప్పించా. ఈసారి పెట్టె తెరిచిన రోజే, వేసవిలోనే, ఒక్క పండు కూడా కొయ్యకముందే రింగు తీసి చీలికకి నూనె, మైనం పెట్టేశా. కొత్త చాకుకి చేసే మొదటి పని ఇదే అవ్వాలి, చెక్క ఎండి ఉన్నప్పుడు. కోశాక కుళాయి కింద పెట్టకుండా తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, రాత్రంతా సగం తెరిచి వదిలి పొద్దున్న మడుస్తారు ఆయన, నేను చెప్పింది చెప్పినట్టు. ఆగస్టులో వెళ్ళినప్పుడు సపోటా చెక్కు తీస్తున్నారు దాంతో, తీసి రింగు తిప్పి మడిచి నా చేతికిచ్చారు, వేలిగోటి కొసతో తెరిస్తే తెరుచుకుంది.